గోల్ఫ్ టేక్‌అవే: క్లబ్ వెనక్కి కదిలే మొదటి రెండడుగులు సరిచేసుకున్న తీరు

స్లైస్ (బంతి కుడికి వంగిపోవడం) ఎందుకు వస్తోందో డౌన్‌స్వింగ్‌లో, అంటే క్లబ్ కిందికి దిగే దశలో, వెతుకుతూ చాలా బకెట్ల బంతులు కొట్టేశాను. ఫోన్‌ని వెనక, చేతుల ఎత్తులో నిలబెట్టి, టార్గెట్ వైపు చూసేలా వీడియో తీస్తే అసలు తప్పు దొరికింది. క్లబ్ కదిలీ కదలగానే ముంజేతులు తిరిగిపోతున్నాయి. హెడ్ (క్లబ్ కింది కొన) కాళ్ళ వెనక్కి చుట్టుకుంటోంది, ఫేస్ (బంతిని కొట్టే పలక) ఆకాశానికి తెరుచుకుంటోంది. అక్కణ్ణుంచి క్లబ్‌ని పైకి ఎత్తేయడం తప్ప దారి లేదు. ఎత్తింది బయటి నుంచి అడ్డంగా నరుక్కుంటూ దిగుతుంది.

చూసుకోవాల్సిన చోటు ఒకటే: షాఫ్ట్ (క్లబ్ కర్ర) నడుము ఎత్తులో నేలకు సమాంతరంగా ఉన్న క్షణం. (నాది కుడిచేతి ఆట.) వెనక నుంచి చూస్తే హెడ్ చేతులను కప్పేయాలి. ఫేస్ కొద్దిగా బంతివైపు వాలి, వెన్ను వంపుతో కలవాలి. టో (హెడ్ బయటి కొస) నిటారుగా ఆకాశానికి ఉండాలని చాలామంది నేర్పుతారు. ఒళ్ళు ముందుకు వంగి ఉన్నప్పుడు ఫేస్ కూడా ఆ మేరకు వాలడమే సహజమని నాకనిపిస్తుంది.

7 ఐరన్ అనే మధ్యస్థ క్లబ్‌తో మొదలుపెట్టాను. హెడ్‌కి జానెడు వెనక ఇంకో బంతి పెట్టి, క్లబ్ వెనక్కి పోతూ దాన్ని దొర్లించాలి. బంతి నేరుగా వెనక్కి పోతే సరే. కాళ్ళవైపు దొర్లితే ముంజేతులు తిరిగినట్టు. తగలకుండా హెడ్ దానిమీంచి దాటిపోతే మణికట్లు ముందే విరిచినట్టు. ఇంత నిక్కచ్చిగా తప్పు చెప్పే డ్రిల్ నాకింకోటి దొరకలేదు.

రెండోది బంతి లేకుండా చేసేది. చేతులు షాఫ్ట్ మీదికి జార్చి, గ్రిప్ (పిడి) చివర బొడ్డుకి ఆనించి, ఛాతీ తిప్పాలి. నడుము ఎత్తు దాకా చివర బొడ్డు దగ్గరే ఉండాలి. క్లబ్‌ని కదిలించేది చేతులు కాదు, ఛాతీ అని ఒంటికి తెలిసేది ఇందులోనే.

తర్వాత అతి చేశాను. నేరుగా లాగాలన్న తాపత్రయంలో చేతులు ఒంటికి దూరమై, నడుము కుడికి జరిగిపోయింది. నేరుగా పోవాల్సింది మొదటి అడుగు దూరమే, ఆపైన ఒళ్ళు తిరుగుతుంటే హెడ్ దానంతటదే లోపలికి వంపు తిరుగుతుంది. ఎడమ చంకలో గ్లవ్ ఇరికించుకుని చేస్తే ఇది సర్దుకుంది. నడుము ఎత్తుకు చేరకముందే గ్లవ్ జారితే చేతులు విడిగా పోయినట్టే.

పట్టు 10కి 4 దాటనివ్వను. బిగిస్తే ముంజేతులు బిర్రబిగిసి, క్లబ్ కుదుపుతో లేస్తుంది. గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లస్ లాగా హెడ్‌ని నేలకు ఆనించకుండా కాస్త పైన ఉంచడం కూడా పనికొచ్చింది. గడ్డి పట్టి లాగదు. రఫ్‌లో (పొడుగు గడ్డిలో) ఆనించినప్పుడు బంతి కదిలి ఒక స్ట్రోక్ పెనాల్టీ పడే బెడద కూడా తగ్గుతుంది.

ప్రాక్టీస్ రేంజ్‌లో మూడు ఖాళీ టేక్‌అవేలకు ఒక బంతి కొట్టాను. అన్నిటికన్నా పొడుగు క్లబ్ అయిన డ్రైవర్‌ని చివరికి ఉంచాను. షాఫ్ట్ పొడుగు వల్ల దాని దారి చదునుగా ఉంటుంది, పాత అలవాటు ముందుగా తిరిగొచ్చేది దాంతోనే.