ఖార్కివ్ నుంచి ఒక గొంతు

నిన్న రాత్రి ఆన్‌లైన్ సమావేశంలో ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నగరపు అధ్యాపకురాలు మాట్లాడుతుండగా సైరన్ మోగింది. ల్యాప్‌టాప్ చేత పట్టుకుని మెట్లు దిగారు. మాకు తెరమీద గోడకు వేలాడుతున్న గొడుగొకటి కనిపించింది. నేలమాళిగలో కూర్చుని, ఆపిన వాక్యం దగ్గరే మళ్లీ అందుకున్నారు.

1804లో మొదలైన విశ్వవిద్యాలయం ఆవిడది, నోబెల్ అందుకున్న జీవశాస్త్రవేత్త మెచ్నికోవ్ చదివిన చోటు. 2022 మార్చిలో రష్యా దాడుల్లో దాని భవనాలు దెబ్బతిన్నాయి. ఆవిడ డబ్బు అడగలేదు. తమ విద్యార్థులకు మా గ్రంథాలయాల్లో ప్రవేశం, వాళ్ల పరిశోధన పత్రాలు చదివిపెట్టేవాళ్లు, దాడిని దాడి అనే ఒక ప్రకటన, అంతే. మొదటి రెండింటికీ వెంటనే ఒప్పుకున్నాం. మూడోదాని దగ్గర 'సంఘర్షణ' అనాలా, 'దురాక్రమణ' అనాలా అని గంటసేపు మల్లగుల్లాలు పడ్డాం (మేమంతా చదువుకున్నవాళ్లం మరి!). ఆవిడ నేలమాళిగలోంచి వింటూనే ఉన్నారు. నాకు సిగ్గేసింది. చివరికి 'దురాక్రమణ' అనే రాశాం.