మూతి వంకరపోయిన చలికాలం

గ్రీకు దీవి అనగానే అందరికీ నీలం గుమ్మటాలు, తెల్ల గోడలు, తళతళలాడే సముద్రం గుర్తొస్తాయి. ఆ ఫొటోలన్నీ జూలై, ఆగస్టు నెలల్లో తీసినవి. అక్టోబరు చివర్లో ఆఖరి టూరిస్టు పడవెక్కాక హోటళ్ళవాళ్ళు కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి తాళాలు వేసేస్తారు. నేనుండే అమోర్గోస్ సైక్లాడిస్ దీవులన్నిటికీ తూర్పు కొసన ఉంటుంది. ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు పొడవు, వెడల్పు మాత్రం నాలుగడుగులు వేస్తే అయిపోయేంత. మొత్తం జనం రెండు వేలకు కాస్త అటూ ఇటూ. వాళ్ళలో కూడా కొందరు చలికాలం ఏథెన్స్‌లో పిల్లల దగ్గర గడిపేస్తారు.

నాది కాకినాడ. పగలు ఒక కంపెనీకి యంత్రాలు ఎలా వాడాలో ఇంగ్లీషులో రాసిపెడతాను, రాత్రిళ్ళు తెలుగులో కథలు రాసుకుంటాను. మొదటిది అన్నం పెడుతుంది, రెండోది నిద్ర చెడగొడుతుంది. కొండ మీద ఖోరా అనే ఊళ్ళో చలికాలానికి మాత్రం ఇల్లు చవగ్గా దొరుకుతుంది. వేసవి వస్తే ఖాళీ చేసి టూరిస్టులకు వదిలెయ్యాలి.

చలికాలం అంటే ఇక్కడ మంచు కాదు, చెమ్మ. మబ్బు కొండెక్కి నేరుగా సందుల్లోకి వచ్చేస్తుంది. రాతి గోడలు చెమటలు పడతాయి. ఉప్పు డబ్బాలో ఉప్పు ముద్ద కడుతుంది, బీరువాలో చీరలకి బూజు పడుతుంది. చెమ్మ లాగే మిషను బకెట్టు రోజూ పారబొయ్యాలి. దక్షిణం గాలి తిరిగితే సహారా నుంచి ఎర్ర దుమ్ము వస్తుంది, దాని మీద చినుకు పడితే తెల్ల గోడలన్నీ బురద మరకలు. ఉత్తరం గాలి తిరిగితే పడవలు ఆగిపోతాయి. గాలి జోరు బోఫోర్ట్ అనే కొలతలో 8కి చేరిందంటే కోస్ట్‌గార్డ్ వాళ్ళు మామూలుగా నౌకల్ని రేవు వదలనివ్వరు. అప్పుడు కొట్లో ముందు పెరుగు అయిపోతుంది, తర్వాత టమాటాలు. బేకరీ ఒక్కటే దిగులు లేకుండా నడుస్తుంది, పిండి బస్తాలు ముందే దించుకుంటారు కాబట్టి.

నా గ్రీకు అంతంత మాత్రం. క్రియాపదాలు నోట్లోకి వచ్చేసరికి అవతలివాళ్ళు వేరే విషయంలోకి వెళ్ళిపోతారు. అందుకని మూడొంతులు నవ్వుతోనే నెట్టుకొచ్చేదాన్ని. బేకరీలో నవ్వు, కఫెనియోలో, అంటే కాఫీ కొట్లో, ముసలాళ్ళు తావ్లీ అనే పాచికలాట ఆడుతూ ఏదైనా అడిగితే నవ్వు, సందులో నల్లబట్టల ముసలమ్మ ఎదురైతే నవ్వు. దాంతో ఊరంతా నన్ను మంచిదాన్నే అనుకున్నారు.

జనవరి 6న ఇక్కడ థియోఫానియా పండుగ. పాదిరీ శిలువని సముద్రంలోకి విసిరితే కుర్రాళ్ళు దూకి తెస్తారు. రేవులో గాలికి నిలబడి చూసొచ్చాను. ఆ తర్వాత రెండు మూడు రోజులు ఎడమ చెవి వెనక సన్నగా నొప్పి. రాత్రి పప్పు వండుకున్నాను. అమోర్గోస్‌లో కత్సూని అని ఒక రకం బఠాణీ పండుతుంది, దాన్ని ఉడికించి మెదిపితే అచ్చం మన ముద్దపప్పు. తాలింపు కూడా పెట్టాను. తింటే ఇనుప చెంచా నాకినట్టుంది. జలుబు చేస్తుందేమో అనుకుని పడుకున్నాను.

పొద్దున్న పళ్ళు తోముకుని నీళ్ళు పుక్కిలిస్తే ఎడమ మూల నుంచి ధారగా కారిపోయాయి. మళ్ళీ పట్టాను, మళ్ళీ కారాయి. అద్దంలో చూస్తే మూతి కుడి పక్కకి లాగేసి ఉంది. ఎడమ బుగ్గ జారిపోయింది, ఎడమ కన్ను రెప్ప వాలడం లేదు. మూద్దామని గట్టిగా ప్రయత్నిస్తే నల్లగుడ్డు పైకి వెళ్ళి తెల్లగుడ్డు మాత్రం కనిపిస్తోంది. పై ప్రాణాలు పైనే పోయాయి. మా మావయ్యకి పక్షవాతం వచ్చినప్పుడు నాకు పదేళ్ళు. ఆ మొహం నేను మర్చిపోలేదు.

చెయ్యెత్తి చూసుకున్నాను, లేచింది. కాలు ఆడించాను, ఆడింది. అంబులెన్సు కోసం 166కి ఫోన్ చెయ్యాలా, నడిచి వెళ్ళాలా అని ఒక్క క్షణం ఆలోచించి, ఇంటి యజమానురాలి తలుపు కొట్టాను. ఆవిణ్ణి కిరియా అంటాను, మన మేడమ్‌గారు అన్నమాట. నన్ను చూసి శిలువ వేసుకుంది, కోటు తొడిగింది, పికప్ బండిలో కూర్చోబెట్టి హెల్త్ సెంటర్‌కి తీసుకెళ్ళింది. ఆవిడకి డెబ్బై దాటాయి. ఆ మలుపుల్లో అంత స్పీడు నేను మళ్ళీ చూడలేదు.

గ్రీస్‌లో మెడిసిన్ పాసైన పిల్లలు ఒక ఏడాది పల్లెల్లో, దీవుల్లో పనిచెయ్యాలి. మా ఊరికి వచ్చింది థెస్సలొనీకి అమ్మాయి, మా మేనకోడలి వయసు. బీపీ చూసింది, షుగరు చూసింది, చేతులు కాళ్ళు పరీక్షించింది. "కనుబొమలు పైకెత్తండి" అంది. కుడిది లేచింది, ఎడమది కదల్లేదు. నుదురు ఎడమ పక్క ఒక్క ముడత లేకుండా నున్నగా ఉంది. ఆ పిల్ల మొహం విప్పారింది. "చాలా మంచిది" అంది. ఇందులో మంచేముందో నాకు అర్థం కాలేదు.

తర్వాత కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. నుదుటికి మెదడు రెండు వైపుల నుంచీ ఆజ్ఞలు వస్తాయట. మెదడులో స్ట్రోక్ వస్తే సాధారణంగా మూతి వంకరపోతుంది గానీ నుదురు ముడత పడుతూనే ఉంటుంది. నుదురు కూడా కదలకపోతే చాలావరకు దెబ్బ మెదడులో కాదు, బయటికి వచ్చిన నరంలో. ఏడో కపాల నరం చెవి వెనక ఎముకలో ఉన్న సన్నని సొరంగంలోంచి మొహానికి వస్తుంది. అది వాచిందంటే, వానకి ఉబ్బిన తలుపు చట్రంలో బిగుసుకుపోయినట్టు, అక్కడే ఇరుక్కుని నలిగిపోతుంది. దీని పేరు బెల్స్ పాల్సీ. 1821లో ముఖ నరాల గురించి రాసిన చార్లెస్ బెల్ అనే స్కాట్లండ్ సర్జన్ పేరు పెట్టారు. నరం ఎందుకు వాస్తుందో గట్టిగా చెప్పలేరు, ఒంట్లో నిద్రపోతున్న హెర్పిస్ వైరస్ లేవడం వల్ల అని అనుమానం. నాలుక ముందు భాగానికి రుచి తెచ్చేది కూడా ఈ నరమే. నా పప్పు ఇనుములా ఎందుకుందో అప్పుడు తెలిసింది.

మందు స్టెరాయిడ్. 72 గంటల్లోపు మొదలుపెడితే మేలు. మందు లేకపోయినా నూటికి 70 మందికి పూర్తిగా తగ్గిపోతుందట, మందుతో ఆ అవకాశం ఇంకా పెరుగుతుంది. అయినా ధైర్యానికి సిరోస్ దీవి ఆసుపత్రిలో పెద్ద డాక్టరుకి ఫోన్ చేసి నా ముందే మాట్లాడింది. పడవలు ఆగిపోయి ఉన్నాయి, రేవు దగ్గరి ఫార్మసీలో ఆ స్టెరాయిడ్, ప్రెడ్నిసొలోన్, ఉందో లేదో అని అందరికీ టెన్షన్. ఉంది. కంటికి రాసే జెల్ మాత్రం ఒక్కటే ట్యూబు మిగిలింది.

మూతి సంగతి అందరూ అడుగుతారు గానీ, ఈ జబ్బులో అసలు జాగ్రత్త కంటికి. రెప్ప పడదు, కన్ను ఎండిపోతుంది, నల్లగుడ్డు మీద పుండు పడొచ్చు. పైగా ఈ దీవిలో గాలి ఆగేది ఎప్పుడు? పగలు గంటకోసారి చుక్కలు, బయటికి వెళ్తే నల్ల కళ్ళజోడు. రాత్రి జెల్ పూసి, వేలితో రెప్ప దించి, పై నుంచి కింది దాకా ప్లాస్టర్ అంటించాలి. ప్లాస్టర్ కాస్త వదులైతే అర్ధరాత్రి కంట్లో ఇసక పోసినట్టు మెలకువ వచ్చేది. అన్నం ఎడమ బుగ్గలో చేరి కూర్చునేది, వేలు పెట్టి తీసుకోవాలి. కాఫీ స్ట్రాతో. గిన్నె కింద పడితే ఎడమ చెవిలో బాంబు పేలినట్టే, చప్పుడు తగ్గించే చిన్న కండరాన్ని నడిపేదీ ఆ నరమే కాబట్టి. పెదవులు కలవవు, అందుకని ప, బ, మ పలకవు. గ్రీకులో రొట్టెని ప్సోమీ అంటారు. బేకరీలో అడిగితే నా నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఆ అమ్మాయి అరనిమిషం నన్నే చూసి, నాలుగు రకాలు బల్ల మీద పెట్టింది.

కిరియా లెక్కలో ఇదంతా చలిగాలి పని. రేవులో తలకి గుడ్డ కట్టుకోకుండా నిలబడ్డానట. మా అమ్మమ్మ ఉంటే అదే మాట అనేది. సాయంత్రం ఒక పళ్ళెంలో నీళ్ళు పోసుకొచ్చి, పెదవులు కదుపుతూ, వేలితో ఆలివ్ నూనె చుక్కలు వేసింది. చుక్క విచ్చుకుంటే కన్ను తగిలినట్టు. విచ్చుకుంది. ఆవిడ గట్టిగా ఆవలించింది, కళ్ళెంబడి నీళ్ళు కారాయి, ఎంత దిష్టి ఉంటే అన్ని ఆవలింతలట. మా ఇంట్లో ఎండుమిరపకాయలూ ఉప్పూ, ఇక్కడ నూనే నీళ్ళూ. ఆ మంత్రం ఏమిటని అడిగితే చెప్పలేదు. ఆడవాళ్ళు మగవాళ్ళకి, మగవాళ్ళు ఆడవాళ్ళకి మాత్రమే నేర్పాలట, లేకపోతే పనిచెయ్యదు. పోయేటప్పుడు మాత్ర వేసుకున్నావా అని అడిగి మరీ వెళ్ళింది.

అమ్మకి చెప్పకుండా కొన్నాళ్ళు లాగాను. ఇక్కడికీ కాకినాడకీ చలికాలంలో మూడున్నర గంటల తేడా, ఆవిడ భోంచేసి పడుకునే ముందు వీడియో కాల్ చేస్తుంది.

"ఏమే, కెమెరా ఎందుకు పెట్టట్లేదు?"

"నెట్ సరిగ్గా లేదమ్మా."

"మాట అలా ముద్దముద్దగా వస్తోందేంటే? తాగావా?"

కెమెరా పెట్టాను. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. "మావయ్యకి వచ్చినట్టేనా?" అంది. డాక్టరు చెప్పినట్టే నుదురు కథంతా చెప్పాను. చెబుతుంటే స్క్రీన్‌లో అమ్మ తన కనుబొమలు పైకీ కిందకీ ఎత్తి చూసుకుంటోంది. ఆ తర్వాత మొదలైంది. పావురం రసం తాగమంది. మావయ్యకి పట్టింది అదే. అమ్మా, ఇది పక్షవాతం కాదు అంటే, ఏదైతేనేం, మూతి మూతే కదా అంది. అక్కడ పావురాలు ఉండవా అని అడిగింది. ఉన్నాయి, మా కిటికీ మీదే రెండు. అడుగుతున్నప్పుడు అవి స్క్రీన్‌లో పడకుండా ఫోన్ ఇటు తిప్పుకున్నాను.

స్టెరాయిడ్‌తో నిద్ర ఉండదు, ఆకలి మాత్రం రాక్షసాకలి. అర్ధరాత్రి రెండింటికి లేచి, కట్టెల పొయ్యి ఎగదోసి, మిగిలిన పప్పు తిని రాసుకునేదాన్ని. ఒక కన్నుతో. ఆ రాత్రుల్లో రాసినవి పొద్దున్న చూస్తే సగానికి సగం పిచ్చి రాతలే, మిగిలిన సగం మాత్రం పర్వాలేదు.

గాలి తగ్గాక కంటి డాక్టరు కోసం నాక్సోస్ దీవికి వెళ్ళాను. చిన్న దీవులన్నిటి దగ్గరా ఆగుతూ వెళ్ళే స్కోపెలిటిస్ అనే బుల్లి నౌక. అది ఊగే ఊపుకి పక్క సీటాయన జేబులోంచి ప్లాస్టిక్ సంచీ తీసి నాకొకటి ఇచ్చాడు, తనకొకటి పెట్టుకున్నాడు. డాక్టరు కంట్లో పసుపు రంగు వేసి నీలం లైటుతో చూసి, పుండు లేదు, అలాగే చూసుకో అన్నాడు. ఆ ఒక్క మాటకి రాకపోకలకి నాకు రెండు రోజులు పట్టాయి. దీవిలో జబ్బు పడటమంటే ఇదే. జబ్బు చిన్నదా పెద్దదా అనేది గాలి నిర్ణయిస్తుంది.

పట్నంలో అయితే గదిలో దాక్కునేదాన్ని. ఇక్కడ చలికాలంలో తెరిచుండేది ఒక్క బేకరీ, ఒక్క కొట్టు, ఒక్క కఫెనియో. నవ్వితే మొహం మరీ వికారంగా అయ్యేది, అందుకని నవ్వడం మానేశాను. నవ్వు లేకపోయేసరికి అందరికీ మాటతోనే జవాబు చెప్పాల్సొచ్చింది. ఎవరు కనిపించినా "పెరాస్తికా" అనేవాళ్ళు, త్వరగా తగ్గిపోవాలి అని. ఊరికే తలూపి పోవడానికి లేదు, ఆగి వివరం అడిగేవాళ్ళు. నరం, సొరంగం, వాపు, ఇవన్నీ గ్రీకులో చెప్పడం వచ్చేసింది. ప, బ పలక్కపోయినా ఎవరూ పట్టించుకోలేదు. కఫెనియోలో ఒక పెద్దాయన తనకి సైన్యంలో ఉన్నప్పుడు కుడి పక్క వచ్చిందని చెప్పి, నవ్వి చూపించాడు. ఆయన నవ్వినప్పుడల్లా కుడి కన్ను సగం మూసుకుంటుంది. రోజూ చూస్తూనే ఉన్నాను, కొంటె మనిషి, కన్ను కొడుతున్నాడనుకున్నాను.

జనవరి నడుమ ఇక్కడ ఒక్కోసారి గాలి ఆగి, ఎండ కాసి, సముద్రం చెరువులా పడుకుంటుంది. హాల్సియన్ రోజులంటారు. లకుముకి పిట్ట గుడ్లు పొదగడానికి దేవుళ్ళు గాలిని ఆపుతారని పాత కథ. ఆ ఎండలో గోడ వారన కూర్చుని చేతి అద్దం పట్టుకుని వ్యాయామాలు చేసేదాన్ని. ఈల వెయ్యడం, ముక్కు చిట్లించడం, బుగ్గలు పూరించడం. చాన్నాళ్ళు ఏమీ జరగలేదు. ఒకరోజు ఎడమ ముక్కుపుటం అదిరింది. ఇంకొన్నాళ్ళకి పెదవి మూల కాస్త కదిలింది. కార్నివాల్ వచ్చేసరికి రెప్ప ముప్పాతిక వంతు వాలుతోంది, గాలి రోజుల్లో మాత్రం నల్ల కంటిపట్టీ కట్టుకునేదాన్ని. ఊరంతా వేషాల్లో ఉన్నారు, పిల్లలు నన్ను కూడా సముద్రపు దొంగ వేషం అనుకుని చాక్లెట్లు అడిగారు. ఇచ్చాను.

ఇప్పుడు దాదాపు తగ్గింది. అలిసిపోయిన రోజు ఎడమ మూల కాస్త జారుతుంది, నమిలేటప్పుడు ఎడమ కన్ను కొద్దిగా చిన్నదవుతుంది. తిరిగి పెరిగే నరం తీగలు ఒక్కోసారి దారి తప్పి వేరే కండరంలోకి వెళ్తాయట. పెద్దాయనా నేనూ కఫెనియోలో ఎదురెదురుగా కూర్చుని బిస్కెట్లు తింటుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారో.

క్రెడిట్ ఎవరిదన్నది తేలలేదు. డాక్టరు పిల్ల ఏడాది పూర్తి చేసుకుని వెళ్ళిపోయింది, ఆవిడ ఓటు స్టెరాయిడ్‌కి. కిరియా నూనె చుక్క అంటుంది. అమ్మ అన్నవరం సత్యనారాయణస్వామికి మొక్కుకుందట. వ్రతం తమ్ముడూ మరదలూ చేస్తారు, నేను మాత్రం పక్కన కూర్చోవాల్సిందే. శ్రావణంలో రమ్మంటుంది, అప్పుడు ఏథెన్స్ నుంచి టికెట్టు ముట్టుకుంటే కాలుతుంది. కార్తీకం అన్నాను, ఆ నెల్లో కొండ మీద ఇసకేస్తే రాలదు, వద్దంది. పోనీ మాఘం అంటోంది. మాఘమంటే ఇక్కడ పడవలు కదలని రోజులు. బేరం ఇంకా తెగలేదు.