590 ట్రేడ్లూ మళ్లీ ఒక్కొక్కటిగా చూశాను

2024-25లో చేసిన ఆప్షన్ ట్రేడింగ్ లెక్కలు ఆడిటర్ గారికి పంపాలని బ్రోకర్ యాప్‌లోంచి ట్రేడ్‌బుక్ డౌన్‌లోడ్ చేశాను. అప్పటిదాకా నన్ను ముంచింది జూన్ 4 అనే అనుకుంటూ వచ్చాను. ఎన్నికల ఫలితాలొచ్చిన ఆ రోజు షేర్ మార్కెట్ సూచీ నిఫ్టీ దాదాపు 6 శాతం పడింది, ముందురోజు ఎగ్జిట్ పోల్స్ ఊపులో కొన్న కాల్స్, అంటే నిఫ్టీ పెరిగితేనే లాభమొచ్చే ఆప్షన్లు, నా దగ్గర ఉన్నాయి, 31,200 పోయాయి. ఎవరడిగినా అదే చెప్పాను, నేనూ అదే నమ్మాను.

రెండు ఆదివారాలు కూర్చుని 590 ఆప్షన్ ట్రేడ్లూ ఎక్సెల్‌లో వేసుకున్నాను. పక్కన మూడు కాలమ్స్ పెట్టాను: వారంలో ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎందుకు కొన్నాను. మూడోది నింపడమే కష్టమైంది. సగానికి పైగా గళ్లలో "పొద్దున పోయింది రాబట్టుకోడానికి" అని తప్ప రాయడానికి ఏమీ లేదు.

చార్జీలు కాక నష్టం 1,12,400. గురువారాలు, అంటే అప్పట్లో నిఫ్టీ వీక్లీ ఎక్స్‌పైరీ (ఆ వారం ఆప్షన్ల గడువు ముగిసే) రోజున, మధ్యాహ్నం రెండు దాటాక చేసిన వాటిలోనే 94,600 పోయాయి. జూన్ 4ని, వీటినీ తీసేస్తే మిగతా అన్నిటి మీదా 13,400 లాభమే ఉంది! ఆ అంకె చూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. దాన్ని కూడా చార్జీలు మింగేశాయి, మొత్తం 38,300. ఆర్డర్‌కి 20 రూపాయలేగా అనుకునేవాణ్ణి, 1,180 ఆర్డర్లకి బ్రోకరేజీయే 23,600 అయింది, దాని మీద 18 శాతం జీఎస్టీ, ఎక్స్చేంజ్ చార్జీలు, ఇంకా అమ్మిన ప్రీమియం (ఆప్షన్ ధర) మీద ఎస్‌టీటీ అనే లావాదేవీ పన్ను, అది 2024 అక్టోబరు 1 నుంచి 0.0625 శాతం కాస్తా 0.1 అయింది.

జనవరిలో ఒక గురువారం వరస దగ్గర ఆగిపోయాను. 2:14కి కాల్ రెండు లాట్లు, అంటే 150 ఆప్షన్లు, ఒక్కోటి 38. 2:41కి 21 దగ్గర ఇంకో రెండు లాట్లు, యావరేజ్ చేసి సగటు ధర తగ్గిద్దామని. మూడున్నరకి సున్నా. 8,850 పోయాయి. ఆ తేదీ చూడగానే గుర్తొచ్చింది, ఆరోజు అమ్మకి శుక్లం ఆపరేషన్ తర్వాత చెకప్. డాక్టర్ గారు చెబుతున్నంతసేపూ నా చూపు ఫోన్ మీదే ఉంది. బయటికి వచ్చాక అమ్మ "చుక్కలు రోజుకి ఎన్నిసార్లు వెయ్యమన్నార్రా?" అని అడిగితే నాకు తెలియలేదు, మళ్లీ లోపలికెళ్లి నర్సుని అడిగొచ్చాను. ఆ రాత్రి షీట్‌లో నాలుగో కాలమ్ పెట్టాను: ఎక్కడున్నాను. ఆఫీసు మెట్లు, పాప స్కూల్ గేటు, పెళ్లి పందిరి వెనక. గుర్తున్నంతవరకు అన్నీ రాశాను.

ఆడిటర్ గారు ఐటీఆర్-3, అంటే వ్యాపార ఆదాయం చూపించే రిటర్ను, వెయ్యాలన్నారు. నష్టమే కదా, చూపించకపోతే ఏమవుతుందిలే అని వదిలెయ్యకండి. ఆప్షన్స్ నష్టాన్ని జీతంలో తగ్గించరు గానీ, షేర్లమీద నాకొచ్చిన 46,000 లాభంలో సర్దుబాటు చేశారు, మిగిలిన 1,04,700 ఎనిమిదేళ్లపాటు ముందుకి తీసుకెళ్లొచ్చు, వ్యాపార లాభం వస్తే అందులో తగ్గించుకోవచ్చు. రిటర్ను గడువులోగా వేస్తేనే.

ఆ ఏడాది ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) చేసిన వ్యక్తుల్లో 91 శాతం నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2025 జూలైలో చెప్పింది. అంతకుముందు ఏళ్లకి వాళ్లు చెప్పిన 93 శాతం కూడా నేను చదివిందే, చదివాక కూడా చేశాను. నన్ను ఆపింది ఆ నాలుగో కాలమ్. యాప్‌లో ఎఫ్ అండ్ ఓ సెగ్మెంట్ డీయాక్టివేట్ చేయించాను, షేర్లు మాత్రం ఉంచుకున్నాను.

2025 సెప్టెంబరు నుంచి నిఫ్టీ ఎక్స్‌పైరీ మంగళవారానికి మారింది. అమ్మకి రెండో కన్ను ఆపరేషన్ వచ్చే నెల, డాక్టర్ గారు మంగళవారమే ఇచ్చారు. సెలవు పెట్టేశాను.