పత్తి చేలోని ఎర్ర పురుగు పేరు తేలేదాకా

పగిలిన పత్తి కాయల మీద గుంపుగా పాకే ఎర్ర పురుగుల్నీ, గట్టు మీది జిల్లేడు నుంచి దులిపిన ఎరుపు నలుపు వాటినీ ఒకే సీసాలో వేశాను. మొదటి తప్పు అదే. ఏ మొక్కకు ఆ మొక్క సీసా వేరుగా ఉండాలి.

వాడుక పేర్లు ఇక్కడ ఆదుకోవు. మంచంలో కుట్టేది నల్లి, మందారానికి పట్టేది పిండినల్లి, మిరప ఆకుల్ని ముడిచే ఎనిమిది కాళ్లదీ నల్లే. మొదటి రెండూ సూదిలాంటి ముక్కుతో పీల్చే కీటకాల క్రమం హెమిప్టెరాలోవి. మూడోది అసలు కీటకమే కాదు. వరి సుడిదోమ కూడా హెమిప్టెరానే. దోమతెరకు భయపడే దోమతో దానికి చుట్టరికం లేదు.

చంపడానికి దూది మీద కొన్ని చుక్కల ఇథైల్ అసిటేట్ చాలు. ఆల్కహాల్‌లో నానబెడితే ఎరుపు వెలిసిపోతుంది. సూదిని వీపు మీది త్రికోణపు పలకలో, నడిమి గీతకు కుడిపక్కగా గుచ్చాలి. సరిగ్గా నడుమ గుచ్చితే, కింద కాళ్ల మధ్య ఆనుకుని ఉండే ముక్కు విరుగుతుంది.

కుటుంబం తేల్చేది తల. 20 రెట్లు పెంచి చూస్తే జిల్లేడు పురుగుకు పెద్ద కళ్ల నడుమ రెండు చిన్న సరళ నేత్రాలు కనిపించాయి. అది లైగేయిడే కుటుంబం. పత్తి పురుగుకు అవి లేవు, అంటే అది పిర్రోకోరిడే కుటుంబం కావచ్చు. నున్నటి తల మీద దీపం మెరుపునే కన్ను అనుకుని ఒకసారి పొరబడ్డాను. దీపాన్ని పక్కకు జరిపి చూడండి: చుక్క కూడా జరిగితే అది మెరుపు, ఉన్నచోటే ఉంటే కన్ను. అనుమానం తీరకపోతే ముందు రెక్క చివరి పలచటి పొర చూడాలి. లైగేయిడేలో నాలుగైదు విడి ఈనెలే ఉంటాయి. పిర్రోకోరిడేలో మొదట్లో రెండు గదులు, వాటి నుంచి చీలిపోయే బోలెడు ఈనెలు.

ఈ పరీక్ష పెద్ద పురుగులకే. పిల్ల పురుగులకు సరళ నేత్రాలుండవు కాబట్టి జిల్లేడు పిల్ల కూడా పిర్రోకోరిడేగానే తేలుతుంది. సరళ నేత్రాలు లేని లార్జిడే అనే మరో కుటుంబమూ ఉంది. అందులో ఆడదాని ఏడో ఉదర ఫలకం కింద నడిమికి చీలి ఉంటుంది. నా దానికి చీలిక లేదు.

గుంపులో ఒకటి కాస్త బలిష్ఠంగా, రెక్క మీద నల్ల చుక్క లేకుండా, మెడ దగ్గర తెల్ల పట్టీ లేకుండా కనిపించింది. అది ఆంటిలోకస్ ప్రజాతి, పత్తి పురుగుల్ని పీల్చి తినేది. అదీ పిర్రోకోరిడేనే కాబట్టి కుటుంబం దగ్గర ఆగితే రెండూ కలిసిపోతాయి.

మిగిలింది డిస్డెర్కస్ ప్రజాతి. అందులో జాతి కోనిగీనా, సింగులేటస్‌నా? రంగును నమ్మకుండా మగదాని చివరి జననాంగ గుళికను తీసి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో రాత్రంతా ఉంచి, నీళ్లలో కడిగి, గ్లిజరిన్‌లో పెట్టి బొమ్మలతో పోల్చాను. తొందరపడి మరిగిస్తే పెళుసు ముక్కలు విడిపోయి, ఏది ఎటువైపుదో తెలియదు. నాది కోనిగీ.

రాసేటప్పుడు: డిస్డెర్కస్ కోనిగీ (ఫాబ్రీషియస్, 1775). ఈ జాతికి మొదట పేరు పెట్టిన ఫాబ్రీషియస్ దాన్ని సైమెక్స్ ప్రజాతిలో పెట్టాడు, తర్వాత ప్రజాతి మారింది, అందుకే కుండలీకరణం. మంచంనల్లి సైమెక్స్ లెక్టులారియస్ లిన్నేయస్, 1758 మాత్రం పెట్టినచోటే ఉంది, దానికి కుండలీకరణం వద్దు. మన వేడి ప్రాంతాల నల్లిని ఫాబ్రీషియస్ అకాంథియా హెమిప్టెరా అన్నాడు. స్త్రీలింగ ప్రజాతి నుంచి పుంలింగపు సైమెక్స్‌లోకి రాగానే అది హెమిప్టెరస్ అయింది. కోనిగీ ఇలా మారదు, అది 'కోనిగ్ యొక్క' అనే షష్ఠీ రూపం. రోమన్ లిపిలో రాస్తే (koenigii) చివర రెండు 'ఐ'లూ ఉంచాలి. ఒకటి తీసేసిన రాత చాలాచోట్ల కనిపిస్తుంది, అది తప్పే. ఈ కోనిగ్ లిన్నేయస్ శిష్యుడు, 1785లో కాకినాడ జగన్నాథపురంలో చనిపోయాడు. కరివేపాకు శాస్త్రీయ నామంలోని కోనిగీ కూడా ఆయనే.

సూదికి రెండు చీటీలు గుచ్చాను: పైన ఊరు, తేదీ, మొక్క, పట్టినవారు, కింద పేరు, తేల్చినవారు, ఏడాది. జననాంగం ఉన్న చిన్న గొట్టం కూడా అదే సూదికి.