కిడ్నీ జన్యు పరిశోధన: సీక్వెన్సర్ (డీఎన్ఏ చదివే యంత్రం) దాకా వెళ్లకముందే

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బుకు ఫలానాదే కారణమని ఇంకా తేలలేదు. షుగరు లేనివాళ్లకు కూడా, మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోకుండానే కిడ్నీలు పాడవుతున్నాయి. విశాఖ ల్యాబుల్లో దీని జన్యువులు వెతకాలనుకునేవాళ్లు ముందు ఎవరిని రోగిగా లెక్కేస్తారో తేల్చుకోవాలి. జీడితోటలో ఎండన పడి పనిచేసి వచ్చిన మనిషికి క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టాల్సిన వ్యర్థం) ఆ పూటకి పెరిగి ఉండొచ్చు. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు వడకట్టే వేగం అంచనా) 60 కంటే తక్కువ వస్తే మూడు నెలలు దాటాక మళ్లీ చూడాలి. పోలికకు తీసుకునే ఆరోగ్యవంతులు అదే ఊళ్లో, అదే పనిచేసే, యాభై దాటినవాళ్లయితే మంచిది. పాతికేళ్ల కుర్రాణ్ని తీసుకుంటే పదిహేనేళ్లకు అతనే రోగి కావచ్చు.

రక్తం ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ (గడ్డకట్టనివ్వని మందు) ట్యూబులో, గీత దాకా తీసి, ఎనిమిది పదిసార్లు నెమ్మదిగా తలకిందులు చెయ్యాలి. గట్టిగా ఊపకూడదు. డయాలసిస్ రోగికైతే రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఇవ్వకముందే తియ్యాలి. హెపారిన్ డీఎన్ఏతో పాటు వచ్చేసి పీసీఆర్‌ను (డీఎన్ఏకి నకళ్లు తీసే పద్ధతిని) ఆపేస్తుంది. ఈమధ్య రక్తం ఎక్కించారేమో అడిగి, ఎక్కిస్తే దాత డీఎన్ఏ కలవకుండా కొన్ని వారాలు ఆగాలి. పలాస నుంచి విశాఖకు తెచ్చేటప్పుడు ఐస్‌ప్యాక్ ట్యూబుకి తగలకుండా మధ్యలో గుడ్డ పెట్టాలి. రక్తం ఐసై కరిగితే ఎర్రకణాలు పగులుతాయి, ఆ హిమోగ్లోబిన్ కూడా పీసీఆర్‌కు అడ్డే. డీఎన్ఏ తీశాక దాని శుద్ధత చెప్పే 260/280 నిష్పత్తి (ఆ రెండు తరంగదైర్ఘ్యాల కాంతిని పీల్చుకునే కొలత) 1.8 దగ్గర ఉండాలి. బాగా తగ్గితే ప్రొటీన్ మిగిలిందని అర్థం.

వంశవృక్షం కనీసం మూడు తరాలది గీయాలి. మేనమామ కూతురినో, అక్క కూతురినో చేసుకున్నారా అని సూటిగా అడగాలి, ఎందుకంటే మేనరికపు ఇళ్లలో అమ్మానాన్నల నుంచి వచ్చిన జన్యువు రెండు నకళ్లూ చెడితేనే వచ్చే జబ్బులు ఎక్కువ. చిన్న వయసులోనే కిడ్నీలు పోయిన పిల్లల్లో ఎన్‌పీహెచ్‌పీ1 జన్యువు మొత్తం ఎగిరిపోయి ఉండొచ్చు. ఒక్కో అక్షరం మార్పునే వెతికే విశ్లేషణకు అది కనపడదు, రీడ్ల (యంత్రం చదివిన డీఎన్ఏ ముక్కల) లోతు, అంటే ఆ చోటుని ఎన్నిసార్లు చదివిందో కూడా చూడాలి.

కిడ్నీల్లో నీటితిత్తులు వచ్చే జబ్బు జన్యువు పీకేడీ1తో ఇంకో చిక్కు. దాని మొదటి 33 ఎక్సాన్లను (ప్రొటీన్ తయారీకి పనికొచ్చే ముక్కలను) పోలిన ఆరు నకిలీ జన్యువులు అదే 16వ క్రోమోజోము మీద ఉన్నాయి. పొట్టి రీడ్లు అసలు జన్యువువో కాదో తెలియక వాటికి అతుక్కుంటాయి. అందుకే లాంగ్‌రేంజ్ పీసీఆర్‌తో (పొడవైన ముక్కలకు నకళ్లు తీసే పీసీఆర్) అసలు జన్యువును విడదీసి చదవాలి. ఈ శ్రమ తప్పించుకోకూడదు. ఈ జబ్బున్న అన్నకు కిడ్నీ ఇస్తానని వచ్చిన తమ్ముడికి ముప్పై లోపు వయసుంటే, అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లో తిత్తులు కనపడనంత మాత్రాన జబ్బు లేదని చెప్పలేం. అన్నలో దొరికిన మార్పు అతనిలో లేదని తేలాకే దానం సంగతి మాట్లాడాలి.