ఆయిల్ మీటరు మార్చాను: పనంతా రాగి గొట్టం దగ్గరే

ఇంజను ఆపేశాక కూడా ముల్లు రెండు కేజీల (చదరపు సెంటీమీటరుకి) దగ్గరే నిలబడితే ఆ ఆయిల్ మీటరు, అంటే ఇంజను ఆయిల్ ప్రెషరు చూపే మీటరు, పోయినట్టే. మా మూడు సిలిండర్ల పాత ట్రాక్టరుకి వయసు మీదపడి అదే జరిగింది. సార్వా దమ్ముకి దిగితే గంటల తరబడి ఇంజను మీద బరువే. ప్రెషరు ఎంతుందో తెలియకుండా చేలో దింపడం నాకు ఇష్టం లేదు.

అయినా ముందు మీటరు కొనలేదు. మేస్త్రి తన టెస్టు మీటరుని నేరుగా ఇంజను బ్లాకుకే బిగించి చూశాడు. వేడెక్కాక స్లోలో ఒకటిన్నర, రేస్ పెంచితే మూడున్నర. అంటే ఇంజను లోపల బాగానే ఉంది. ఈ పరీక్ష చెయ్యకుండా మీటరు మార్చేవాళ్లని చూస్తే నాకు ఆశ్చర్యం.

విజయవాడ ఆటోనగర్‌కి పాత మీటరు పట్టుకునే వెళ్లాను. అక్కడ చూసుకోవాల్సింది మర. ఒకే సైజులా కనిపించే రెండు రకాలుంటాయి: అంగుళంలో ఎనిమిదో వంతు బీఎస్‌పీకి (బ్రిటిష్ కొలత మర) అంగుళానికి 28 మరలు, ఎన్‌పీటీకి (అమెరికా కొలత మర) 27. "రెండు చుట్లు ఎక్కింది కదా అని పానా వెయ్యమాక అబ్బాయ్, మర తినేసుద్ది," అన్నాడు కొట్టు బాబాయ్. కొత్త మీటర్లో కేజీలు, పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) రెండూ ఉన్నాయి. ఒక కేజీ అంటే సుమారు 14.2 పీఎస్ఐ.

ఈ మీటర్లో కరెంటు పనేమీ లేదు. లోపల వంపు తిరిగిన చదును గొట్టం ఒకటుంటుంది. ఆయిల్ తోసేకొద్దీ తిరనాళ్లలో ఊదే కాగితం బూరలా అది చాచుకుని ముల్లుని తిప్పుతుంది. 1849లో బూర్డన్ అనే ఫ్రెంచి ఆయన కనిపెట్టిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది.

అసలు శ్రమ ఇంజను నుంచి మీటరుకి ఆయిల్ తెచ్చే రాగి గొట్టంతోనే. ఏళ్ల అదురుకి రాగి గట్టిపడి పెళుసవుతుంది, చివరికి నట్టు దగ్గర చిట్లుతుంది. చిట్లితే ఆయిల్ కాలే సైలెన్సర్ మీద చిమ్ముతుంది, ఇంజను అడుగున ఆయిల్ ఉండే ఛాంబర్ ఖాళీ అవుతుంది. అందుకే కొత్త గొట్టమే వేశాం. వంచే ముందు మేస్త్రి దాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాడు. ఉక్కు అలా చేస్తే బిరుసెక్కుతుంది, రాగి మాత్రం మెత్తబడుతుంది. అదురు తట్టుకోవడానికి ఇంజను దగ్గర రెండు చుట్లు వదిలి, రేకు దాటేచోట రబ్బరు వాషరు పెట్టాడు. నట్టు బిగించేటప్పుడు మీటరు మెడని ఒక పానాతో పట్టుకుని రెండోదాంతో తిప్పాలి, లేకపోతే మీటరే తిరిగిపోతుంది. ఇత్తడి ఫెరూల్ (నట్టు కింద గొట్టాన్ని పట్టి ఉంచే ఉంగరం) ఉన్నచోట లీకు ఆపే టేపు చుట్టనివ్వలేదు, ముక్క తెగి గొట్టంలో పడితే దారి మూసుకుపోతుందని.

మీటరు వైపు నట్టు వదులుగా ఉంచి, ఇంజను అందుకోకుండా స్టాప్ లాగి, సెల్ఫ్ కొట్టాం. బుడగలు పోయి ఆయిల్ చుక్కలు రాగానే బిగించేశాం. స్టార్ట్ చేస్తే చల్లని ఇంజను మీద నాలుగు దాటింది, వేడెక్కాక టెస్టు మీటరు చెప్పిన లెక్కకే వచ్చింది. ఒక పూట దున్నాక నట్లు మళ్లీ తడిమి చూశాను, చెమ్మ లేదు. మీటరు బల్బు వైరు మాత్రం ఇంకా కలపలేదు, చీకటి పడితే సెల్‌ఫోను లైటు వేసి చూసుకుంటున్నాను.