స్తంభం వెనక్కి వెళ్తేనే కథ

బెర్లిన్‌లో యూ-7 మెట్రో దిగి బయరిషర్ ప్లాట్స్ దగ్గర పైకొచ్చాం. చదువులో భాగంగా బొమ్మలతో కథ చెప్పే పని. షోనెబెర్గ్‌లోని ఈ పేటలో దీపస్తంభాలకు 80 బోర్డులున్నాయి. రెనాటా స్టీ, ఫ్రీడర్ ష్నాక్ అనే కళాకారులు 1993లో స్మారకంగా పెట్టారు. ఒకవైపు పిల్లల పుస్తకంలోలాంటి బొమ్మ, రెండోవైపు నాజీల కాలంలో యూదుల మీద పెట్టిన ఆంక్షల్లో ఒకటి.

పిల్లి బొమ్మ ముద్దుగా ఉంటుంది. వెనక్కి వెళ్తే: యూదులు ఇక పెంపుడు జంతువుల్ని ఉంచుకోకూడదు, 1942 ఫిబ్రవరి 15. రొట్టె వెనక: బెర్లిన్‌లో యూదులు తిండి సరుకులు సాయంత్రం 4 నుంచి 5 లోపే కొనాలి, 1940 జులై 4. తెలంగాణ చేర్యాల బొమ్మల పటం పక్కన కథ చెప్పేవాడుంటాడు. ఇక్కడ ఎవరూ ఉండరు, బొమ్మకీ ఆంక్షకీ నడిచేవాడే అతుకు వేసుకోవాలి. పెట్టిన కొత్తలో వీటిని నిజంగానే యూదు వ్యతిరేక ప్రచారమనుకుని జనం ఫిర్యాదు చేశారు, దాంతో కింద చిన్న వివరణ పలకలు తగిలించారు.

ఎనభై చూడాలని పరుగెత్తితే ఒక్కటీ మిగలదు. రెండు గంటల్లో ఆరు బోర్డులు చాలు. ఇద్దరిద్దరుగా వెళ్లాలి: ముందు బొమ్మ చూసి ఊహించిన కథను ఒక వాక్యంలో రాసి, ఆ తర్వాతే వెనకవైపు చదవాలి. ముందే చదివేస్తే ఆ ఊహ రాదు, అభ్యాసం అక్కడే చచ్చిపోతుంది. తేదీ ప్రతి పేజీ మూలనా వేసుకోవాలి, ఎందుకంటే బోర్డులు కాలక్రమంలో లేవు. ఆంక్షలు ఒక్కో మెట్టే బిగిసిన తీరు గదికొచ్చి పేజీలు వరస పెడితేనే తెలుస్తుంది.

అనువాద యాప్‌ని నమ్మొద్దు. జర్మన్‌లోని నిషేధం ఇంగ్లిష్ మీదుగా తెలుగులోకొస్తే 'చేయకూడదు' కాస్తా ఒక్కోసారి 'చేయకపోవచ్చు' అయిపోతుంది. చట్టం వాతావరణ సూచనలా వినిపిస్తుంది!

ఇంకో తప్పు, దాదాపు అందరూ చేసేదే: 'నేనొక యూదు పిల్లని' అంటూ మొదలెట్టడం. ఎదురుగా ఒకప్పుడు నిజంగా మనుషులున్న ఇళ్లు కనిపిస్తుంటే, లేని నోటితో మాట్లాడించడం నాకు సబబనిపించదు. వస్తువునే గీయాలి.

తొక్కుడుబిళ్ల గళ్ల బోర్డు వెనక, నాజీల లెక్కలో 'ఆర్య', 'ఆర్యేతర' (అంటే యూదుల్లాంటి) పిల్లలు కలిసి ఆడకూడదని ఉంది, 1938. మా పేజీలో మొదట ఏడుస్తున్న పిల్లాడున్నాడు. రబ్బరుతో చెరిపేశాం. గళ్లు, తేదీ ఉంచాం.